నలుగురి ప్రాజెక్టు ఒక్కరి నెత్తిన ఎందుకు పడుతుంది?

నిరుడు వేసవి చివర్లో నా టేబుల్ మీదికి వంద సర్వే ఫారాలు వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా, డయాలసిస్‌కి ఎంత దూరం వెళ్తున్నారు అని అడిగి రాసుకొచ్చిన కాగితాలవి. నేను గైడుగా ఉన్న ఐదుగురు డిగ్రీ పిల్లల బ్యాచ్ ప్రాజెక్టు అది. మొదటి డెబ్బై ఫారాలు తిరగేస్తుంటే ఊరు కళ్ళ ముందు కనిపించింది. చెమటకి ఇంకు అలుక్కుపోయిన చోట్లు, కొట్టేసి మళ్ళీ రాసిన వయసులు, మార్జిన్‌లో "ముసలావిడ ఒక్కతే ఉంటుంది, కొడుకు చెన్నైలో" లాంటి మాటలు. డెబ్బై ఒకటో ఫారం నుంచి అంతా శుభ్రం. ఒకటే పెన్ను, ఒకటే చేతిరాత, టిక్కులన్నీ ఒకే వంపు. ముప్పై ఇళ్ళవాళ్ళూ "బోరు నీళ్ళు" అనే చెప్పారట. ఒక్క ఇంట్లో కూడా జబ్బు లేదట.

కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఏమిటో ఇంకా తేలక డాక్టర్లు ఏళ్ళ తరబడి తల పట్టుకున్న ప్రాంతం అది. అక్కడ వరసగా ముప్పై ఇళ్ళలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారని ఒక కాగితం చెబితే, ఆ కాగితాన్ని నమ్మకూడదు.

ఫారాలు నింపిన అమ్మాయిని పిలిచి అడిగాను. దాచలేదు. "మిగతా ముగ్గురూ రాలేదు మేడం. మేమిద్దరమే ఎన్నిళ్ళు తిరగ్గలం? రేపే సబ్మిషన్. ఇంటికెళ్ళి రాసేశాను" అంది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆ ఏడుపులో తప్పు చేశానన్న బాధ కొంత ఉంది. దానికంటే, రెండు నెలలు ఒంటరిగా మోసినదాని కోపమే ఎక్కువ ఉంది. ఆ కోపం నాకు బాగా తెలుసు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మీద నలుగురి పేర్లు ఉండేవి. రాసింది నేను, టైపు చేయించింది నేను, గంటస్తంభం దగ్గర ఎండలో నిలబడి బైండింగ్ చేయించుకుని వచ్చిందీ నేనే. మార్కులు నలుగురికీ ఒకటే పడ్డాయి. ఆ ముగ్గురితో చాలా ఏళ్ళు మాట్లాడలేదు.

ఇది ఒక బ్యాచ్ గొడవ కాదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో మొదటి రెండు నెలలు ఊళ్ళోకి వెళ్ళి చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఇంజినీరింగ్‌లో అయితే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎప్పటినుంచో ఉన్నదే. అంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ చదివే ప్రతి పిల్లాడికీ, పిల్లకీ ఎప్పుడో ఒకప్పుడు నలుగురితో కలిసి పని చేయాల్సి వస్తుంది. ఎలా చేయాలో మాత్రం ఏ సబ్జెక్టులోనూ లేదు.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని మన పెద్దవాళ్ళు అంటారు. నలుగురు కలిసి కొన్న గొర్రెకి పుండు పడితే, ఎవరో ఒకరు మందు రాస్తారులే అని అందరూ ఊరుకున్నారు, అది పురుగు పట్టి పోయింది. ఆ నలుగురిలో ఎవరికీ గొర్రె చావాలని లేదు, అది గమనించాలి. ఒక్కొక్కడూ ఇంట్లో తన సొంత గొర్రెని బాగానే చూసుకునేవాడై ఉంటాడు. మరి ఉమ్మడి దానికే ఎందుకలా జరిగింది?

దీన్ని మొట్టమొదట కొలిచి చూసినవాళ్ళలో ఒకరు ఫ్రాన్స్‌కి చెందిన మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజినీరు. 1880లలో ఆయన మనుషుల చేత తాడు లాగించి, ఎంత బలం పడుతోందో లెక్క రాసుకున్నారు. 1913లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలం నూరు అనుకుంటే, ఇద్దరు కలిసి లాగినప్పుడు తలా 93 పెట్టారు. ముగ్గురైతే 85. ఎనిమిది మంది అయ్యేసరికి తలా 49కి దిగింది. అంటే ఎనిమిది మంది లాగితే నలుగురి బలమే పడింది.

ఇది బద్ధకమేనా, లేక అందరూ ఒకే ఊపున లాగలేక బలం వృథా అయిందా? ఈ ప్రశ్న చాలా కాలం అలాగే ఉండిపోయింది. 1974లో అలన్ ఇంగమ్, ఆయన తోటి పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. మనిషి కళ్ళకి గంతలు కట్టి, నీ వెనక ఇంకొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి వెనకవాళ్ళు లాగుతున్నట్టు నటించారంతే. అయినా ముందున్న మనిషి బలం తగ్గింది. ఇక్కడ ఊపు కుదరకపోవడమనే సాకు లేదు, ఎందుకంటే లాగేది అతనొక్కడే. వెనక ఎవరో ఉన్నారన్న ఆలోచనే చేతుల్ని వదులు చేసింది.

1979లో అమెరికాలో బిబ్ లాటానే, కిప్లింగ్ విలియమ్స్, స్టీఫెన్ హార్కిన్స్ ఇదే పనిని అరుపులతో, చప్పట్లతో చేసి చూశారు. పక్కన ఇంకొకరు కూడా అరుస్తున్నారని నమ్మినప్పుడు మనిషి తన పూర్తి గొంతులో 82 శాతమే వాడాడు. ఇంకో ఐదుగురు ఉన్నారనుకుంటే 74 శాతం. గుంపులో చేరి ఇలా పని తగ్గించడానికి వాళ్ళు సోషల్ లోఫింగ్ అని పేరు పెట్టారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఆ తర్వాత 1981లో వాళ్ళే చేసిన ప్రయోగం. ఒక్కొక్కరి ముందూ ఒక్కో మైకు పెట్టి, ఎవరి గొంతు ఎంతో విడిగా తెలిసిపోతుందని చెప్పారు. అంతే, గుంపులో ఉన్నా పూర్తి గొంతుతో అరిచారు. మనుషులు వాళ్ళే, పనీ అదే. మారింది ఒక్కటే: ఎవరిది ఎంతో కనబడుతుంది.

నేను క్లాసులో ఈ ప్రయోగాలు చెప్పినప్పుడు, కళింగపట్నం వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు లేచి "మా దగ్గర వల లాగేటప్పుడు అలా కుదరదు మేడం" అన్నాడు. అతను చెప్పింది నిజం. ఒడ్డు నుంచి పెద్దవల లాగేటప్పుడు తాడుకి అటూ ఇటూ ఎంతోమంది ఉంటారు. అయినా ఒకడు ఊరికే పట్టుకుని నిలబడితే వెంటనే దొరికిపోతాడు. లాగేవాడి మడమలు ఇసుకలోకి దిగుతాయి, లాగనివాడివి దిగవు. పక్కవాడి చేతికి తాడు బరువు తేడా తెలుస్తుంది. పైగా వల ఒడ్డుకి వచ్చాక చేపలో వాటా ఉంది, రాత్రికి ఇంట్లో కూర ఉంది. ఫ్రాన్స్ తాడుకి చివర బలం కొలిచే యంత్రం ఉంది, మన తాడుకి చివర చేప ఉంది. 1993లో స్టీవెన్ కరావు, కిప్లింగ్ విలియమ్స్ అప్పటిదాకా జరిగిన 78 అధ్యయనాలని కలిపి చూసి తేల్చింది కూడా ఆ కుర్రాడు చెప్పినదానికి దగ్గరగానే ఉంది. పని తమకి ముఖ్యం అనిపించినప్పుడు, తమ వంతు వేరొకరు చేయలేరని తెలిసినప్పుడు, తోటివాళ్ళు తమకి కావలసినవాళ్ళైనప్పుడు ఈ జారిపోవడం తగ్గుతుంది.

ఇప్పుడు మన కాలేజీ ప్రాజెక్టు సంగతి చూడండి. టాపిక్ గైడ్ ఇస్తారు, లేదా సీనియర్ల రిపోర్టులోంచి తీసుకుంటారు. బ్యాచ్‌లు రోల్ నంబర్ల వరసన వేస్తారు, లేకపోతే ఒక టాపర్, ఇద్దరు మధ్యరకం, ఒక బ్యాక్‌లాగ్స్ ఉన్నవాడు అని మార్కులు చూసి కలుపుతారు. చివరికి అందరిదీ ఒకే రిపోర్టు, దాని మీద ఒకటే మార్కు. మడమ దిగిందో లేదో చూసే వీలు ఎక్కడా లేదు. ఇన్నీ ఇలా పెట్టి, "ఈ కాలం పిల్లలకి బాధ్యత లేదు" అనడం నాకు న్యాయంగా అనిపించదు.

మళ్ళీ ఆ వంద ఫారాల దగ్గరికి వస్తాను. సర్వేకి రాని ముగ్గుర్నీ విడివిడిగా పిలిచాను. ఒకేసారి పిలిచి ఉంటే ముగ్గురూ తల దించుకుని "సారీ మేడం" అనేసి వెళ్ళిపోయేవాళ్ళు.

మొదటి కుర్రాడు సెలవుల్లో పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తున్నాడు. తెల్లారి వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి. వచ్చే ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చు అందులోంచే రావాలి. జీడి గింజల రసం తగిలి అతని వేళ్ళ చివర్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. "మరి ఆ మాట బ్యాచ్‌లో చెప్పొచ్చు కదా నాన్నా" అంటే, చేతులు వెనక్కి పెట్టుకుని "ఏటని చెప్పమంటారు మేడం" అన్నాడు. వాట్సాప్‌లో మాత్రం ప్రతిసారీ "రేపు వస్తాను" అని పెడుతూ వచ్చాడు. మిగతావాళ్ళకి అతను అబద్ధాలకోరు అయిపోయాడు.

రెండో అమ్మాయిని ఇంట్లోవాళ్ళు అబ్బాయిలతో కలిసి ఊరు తిరగడానికి పంపలేదు. ఫోన్ సాయంత్రం ఏడు తర్వాత వాళ్ళ అన్నయ్య దగ్గర ఉంటుంది. బ్యాచ్ మాట్లాడుకునేది రాత్రి తొమ్మిదింటికి. ఏ ఇళ్ళు ఎవరు చేయాలో వాళ్ళు పంచుకున్న సంగతే ఆమెకి మర్నాడు మధ్యాహ్నానికి గానీ తెలియదు. ఇది మన జిల్లాల్లో ఎంత మామూలు విషయమో చెప్పనక్కర్లేదు. సాలూరు, పార్వతీపురం, రాజాం వైపు నుంచి బస్సుల్లో వచ్చి వెళ్ళే డే స్కాలర్లు సాయంత్రం బస్సు దాటిపోతే ఇల్లు చేరలేరు. హాస్టల్ పిల్లలు రాత్రి కూర్చుని ప్లాన్ వేసుకుంటారు. రెండు వారాలయ్యేసరికి "వాళ్ళు ఎప్పుడూ ఉండరు" అనే పేరు స్థిరపడిపోతుంది.

ఇంకో రకం ఈ బ్యాచ్‌లో లేరు గానీ ఏటా చూస్తాను. పన్నెండో క్లాసు దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్‌లో రెండు పేజీలు రాయమంటే గుండె జారిపోయే పిల్లలు. "నాకు రాదు" అని నలుగురిలో అనడం కంటే "చూస్తాలే" అని తప్పించుకోవడం వాళ్ళకి సులువు. బద్ధకస్తుడు అనిపించుకుంటే పరువు పోదు, రాదని తెలిస్తే పోతుంది అనుకుంటారు. అలాంటివాళ్ళకి సర్వే చేయడం, ఊళ్ళో పెద్దవాళ్ళతో మాట్లాడడం అప్పగించి చూడండి. టాపర్ గుమ్మం బయట నిలబడి "నమస్తే ఆంటీ" అని ఆగిపోతే, ఈ పిల్లాడు అరుగు మీద కూర్చుని "ఏటమ్మా, ఒంట్లో బాగుంటందా" అని ఇంటి సంగతంతా రాబట్టుకొస్తాడు.

మూడో కుర్రాడికి ఏ కష్టమూ లేదు. ఇల్లు దగ్గరే, బండి ఉంది, ఫోన్ ఉంది. ఎందుకు వెళ్ళలేదని అడిగితే నిజాయితీగా చెప్పాడు: "వాళ్ళిద్దరూ బాగా చేస్తారు మేడం. నేను వెళ్ళినా వెళ్ళకపోయినా అయిపోతుంది అనుకున్నాను." రింగెల్‌మన్ తాడు దగ్గర ఉన్నది ఇతనే. ఇతని మీద నాకు కోపం వచ్చింది, రావాలి కూడా. అయితే రాని ముగ్గురిలో ఇలాంటివాడు ఒక్కడే.

ఈ ముగ్గుర్నీ వేరు చేసి చూడడం జాలి కోసం కాదు. బ్యాచ్ బాగుపడటానికి కూడా అది అవసరం. నార్బర్ట్ కెర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో గమనించిన సంగతి ఒకటుంది. చేయగలిగి కూడా చేయని మనిషి పక్కన ఉంటే, చేసేవాడు కూడా చేయి దించేస్తాడు, తను నష్టపోయినా సరే. "నేనేనా పిచ్చిదాన్ని?" అన్న మాట అక్కడే పుడుతుంది. అదే పక్కవాడు చేతకాక వెనకబడ్డాడని తెలిస్తే ఆ కసి అంతగా ఉండదు. జీడి ఫ్యాక్టరీ సంగతి తెలిసి ఉంటే, ఆ అమ్మాయి ముప్పై ఫారాలు కోపంతో కల్పించి రాసేది కాదని నా నమ్మకం.

అన్నీ ఒక్కరే చేసేవాళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. నేనూ అలాగే చేశాను కాబట్టి చెబుతున్నాను. మొదటి వారం ఒకడు రాసిచ్చిన పేజీ బాగాలేదు. అతనికి చెప్పకుండా రాత్రి కూర్చుని మొత్తం మార్చి రాసేశాను. మర్నాడు అది చూసి అతను ఏమీ అనలేదు. ఆ తర్వాత మరి రాయలేదు. అప్పట్లో అది అతని బద్ధకం అనుకున్నాను. తన చేయి పడినా పడకపోయినా ఒకటేనని అతనికి చెప్పింది నేనే అని చాలా ఏళ్ళకి అర్థమైంది. బాగా చదివే పిల్లలకి మార్కులంటే ప్రాణం, అందుకే భయంతో అంతా మీదేసుకుంటారు. ఎంత మీదేసుకుంటే మిగతావాళ్ళు అంత వెనక్కి జరుగుతారు. వాళ్ళు జరిగినకొద్దీ వీళ్ళకి టెన్షన్ పెరుగుతుంది.

దీనికి తోడు మన మొహమాటం. "అడిగితే ఏమనుకుంటాడో", "ఒకే ఊరి వాళ్ళం", "బావా అని పిలుచుకుంటాం, ఎలా చెప్పేది". ఆరు వారాలు నోరు కట్టేసుకుని, ఏడో వారం ఒక్కసారిగా గ్రూపులో నాలుగు మాటలు అనేసి లెఫ్ట్ అయిపోతారు. మొహమాటం పోవాలంటే గొడవ పడక ముందే, ఎవరి మీదా కోపం లేనప్పుడే మాట్లాడేసుకోవాలి. మొదటి రోజు "ఎవరికి ఏ టైము కుదరదు?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఫ్యాక్టరీ సంగతి, ఫోన్ సంగతి అప్పుడే బయటికి వస్తాయి. కుదిరేది అడిగితే అందరూ "ఎప్పుడైనా ఓకే" అంటారు.

తర్వాత పనిని ముక్కలు చేయాలి, ఒక్కో ముక్క మీద ఒక్క పేరే ఉండాలి. "నువ్వూ నేనూ కలిసి డాక్యుమెంటేషన్" అన్నారంటే అది ఉమ్మడి గొర్రె అయిపోయినట్టే. "డాక్యుమెంటేషన్ చూసుకుంటా" అన్న మాట కూడా చాలదు. "రెండో చాప్టర్, ఆరు పేజీలు, వచ్చే శుక్రవారం" అంటే అది పని. ముక్కలు సమానంగా ఉండాలని పట్టుబట్టకండి. బండి ఉన్నవాడు దూరం ఇళ్ళు చేస్తాడు, ఇంట్లోంచి కదలలేని అమ్మాయి ఫారాల్లోని లెక్కలు ఎక్సెల్‌లో వేస్తుంది. రిపోర్టు గూగుల్ డాక్స్‌లో రాసుకుంటే వెర్షన్ హిస్టరీలో ఎవరు ఎప్పుడు ఏం రాశారో ఉంటుంది. అదొక్కటే సాక్ష్యం అనుకోకూడదు, టైపు చేసినవాడే ఆలోచించాడని లేదు. అయినా మైకు ముందర నిలబడ్డట్టే అది. కాలేజీ ఇచ్చే లాగ్ బుక్ కూడా అందుకే పెట్టారు, కానీ చాలామంది దాన్ని ఆఖరి రాత్రి కూర్చుని నింపుతారు.

ఒకరు వెనకబడితే గ్రూపులో "ఎవరూ పట్టించుకోవట్లేదు" అని పెట్టకండి. అది ఎవరికీ తగలదు, పని చేసినవాడికే గుచ్చుకుంటుంది. మనిషిని విడిగా, వీలైతే ఎదురుగా కలవండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం చూసే పది నిమిషాలు చాలు. "ఏటైంది?" అని మొదలుపెట్టండి. "నీ పది ఇళ్ళు ఇంకా ఉన్నాయి. శనివారంలోపు అవుతాయా? కుదరకపోతే నీకు ఏది కుదురుతుందో చెప్పు, మార్చుకుందాం" అనండి. కష్టం ఉన్నవాడు ఇక్కడ చెప్పేస్తాడు. కష్టం లేనివాడికి తప్పించుకునే దారి ఉండదు. ఒప్పుకున్నది రెండు లైన్లలో మెసేజ్ పెట్టుకోండి.

రెండుసార్లు ఇలా అడిగినా కదలకపోతే గైడ్‌కి చెప్పండి. చాడీలు చెప్పినట్టవుతుందని ఆగిపోకండి. కానీ ఎప్పుడు చెబుతున్నారన్నది ముఖ్యం. చాలామంది వైవా ముందురోజు వచ్చి చెబుతారు, అప్పటికి ఏ గైడూ చేయగలిగింది ఉండదు. మొదటి రివ్యూకే చెప్పాలి. "వాడు పని చేయట్లేదు సార్" అనకుండా, ఏ పని ఎవరిది, ఏది వచ్చింది, ఏది రాలేదు అన్న కాగితం ముందు పెట్టండి. ఇంకా కష్టమైన సలహా ఒకటి ఇస్తాను: అతని భాగం మీరు నింపకండి. మొదటి రివ్యూకి ఖాళీగానే తీసుకెళ్ళండి. అప్పుడు పోయే మార్కులు కొద్దివే. ఫైనల్ దాకా కప్పిపుచ్చుకుంటూ వస్తే, ఇక ఖాళీగా వదిలే ధైర్యం మీకే ఉండదు.

మా గైడ్ల వంతు కూడా ఉంది. గ్రూపు మార్కు ఒకటే ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. పిల్లల చేతే ఒకరి పని గురించి ఒకరికి, తమది వదిలేసి, రహస్యంగా ఐదుకి మార్కులు వేయించి, ప్రతి మార్కుకీ ఒక వాక్యం కారణం రాయించవచ్చు. ఉదాహరణకి నలుగురికి సగటున 4.5, 4.5, 4, 3 వచ్చాయనుకోండి. బ్యాచ్ సగటు 4. ఒక్కొక్కరి సగటుని దానితో భాగిస్తే 1.125, 1.125, 1, 0.75. గ్రూపు మార్కు 40 అయితే ఇద్దరికి 45, ఒకరికి 40, ఆఖరివారికి 30 వస్తాయి. స్నేహం కొద్దీ అందరూ అందరికీ ఐదు వేసేస్తారన్న భయం నిజమే. అయితే కారణం రాయమన్నప్పుడు చాలామంది పెన్ను ఆగుతుంది. ఆ లెక్కతోనే ఆగకుండా వైవాలో ఒక్కొక్కరినీ వాళ్ళ ముక్క గురించే అడిగితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇదంతా మొదటి రోజే ప్రకటించాలి. ఆఖర్న చెబితే అది శిక్షలా ఉంటుంది, ముందే చెబితే మైకులా పని చేస్తుంది.

ఆ బ్యాచ్‌కి మార్కులు ఆపేసి, ముప్పై ఇళ్ళూ మళ్ళీ చేయమన్నాను. ఈసారి ప్రతి ఫారం మీదా, ఎడమ పక్క పైన, అడిగినవాళ్ళ పేరు రాయాలన్నాను. ఆదివారం జీడి ఫ్యాక్టరీకి సెలవు కాబట్టి ఆ రోజు పెట్టుకున్నారు. ఇంట్లోంచి పంపని అమ్మాయి వాళ్ళ అమ్మతో నేను ఫోన్లో మాట్లాడాను. ఆవిడ కూతురికి తోడుగా ఊళ్ళోకి వెళ్ళింది. తలా ఆరు ఇళ్ళు.

సోమవారం ఫారాలు వచ్చాయి. ఐదు రకాల చేతిరాతలు. "వెళ్ళినా వెళ్ళకపోయినా అయిపోతుంది" అన్న కుర్రాడి పేరున్న మూడో ఫారంలో, కిడ్నీ జబ్బు అన్న చోట టిక్కు ఉంది. మార్జిన్ చాలక వెనక్కి తిప్పి రాశాడు: "ఇంటాయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్. తీసుకెళ్ళే కొడుకు కూలి పోతుంది. ఎక్కువసేపు కూర్చోమన్నారు, కూర్చున్నాను."